చెరువు అడుగున గ్యాస్ తినే జంట: సీసాలో పెడితే బతుకుతుందా?



పై వీడియో మొదట్లో కనిపించేది మా ఊరి చెరువు. కర్రతో అడుగు బురద కెలికితే బుడబుడమని బుడగలొచ్చాయి కదా, ఈ వ్యాసమంతా ఆ బుడగల గురించే. వీడియోలో టైం సరిపోక వదిలేసిన సంగతులన్నీ ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. వరి వేసేవాళ్లు మాత్రం చివరిదాకా చదవాలి.

అసలు ఈ టాపిక్ ఎత్తుకోవడానికి కారణం ఒక సీసా.

పోయిన ఖరీఫ్‌కి ముందు ఒక కంపెనీ ప్రతినిధి మా షాపుకి వచ్చాడు. మాది చిన్న షాపు. ఘనజీవామృతం, కషాయాలు, దేశీ విత్తనాలు అమ్ముతాం. ఆయన బ్యాగులోంచి లీటరు సీసా తీసి బల్లమీద పెట్టాడు. "చెరువు అడుగు మట్టిలోంచి తీసిన బ్యాక్టీరియా సార్ ఇది. మీథేన్ తింటుంది. ఎకరానికి లీటరు పోస్తే వరిలో మీథేన్ సగానికి పడిపోతుంది, దిగుబడి పెరుగుతుంది, రేపు కార్బన్ క్రెడిట్లు కూడా మీ రైతులకే వస్తాయి" అన్నాడు. సీసా 1,150 రూపాయలు. నాకు సీసాకి 400 మిగులుతుంది. 200 సీసాలు అమ్మితే 80 వేలు. షాపు అద్దె, కుర్రాడి జీతం గుర్తొచ్చి మనసు లాగిందని ఒప్పుకుంటున్నా.

మా నాన్న అక్కడే కూర్చుని ఉన్నాడు. సీసా తీసి అటూ ఇటూ ఊపి చూసి, "ఏరా, ఇది ఏం తిని బతుకుద్ది?" అన్నాడు.

"మీథేన్ గ్యాస్ తింటుందంట నాన్నా."

"మరి సీసాలో గ్యాస్ ఏదిరా? మూత బిగించి రెండు నెల్లు గోడౌన్లో పడేస్తే ఏం తినుద్దీ?"

ప్రతినిధి నవ్వేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, సమాధానమూ తెలియలేదు. డిప్లొమాలో రైజోబియం చదివాం, అజటోబాక్టర్ చదివాం, ఫాస్ఫేట్ కరిగించే బ్యాక్టీరియా చదివాం. మీథేన్ తినేవాటి గురించి నాకు గుర్తున్నంతవరకు ఒక్క పేరా కూడా లేదు. వారం టైం అడిగి ఆయన్ని పంపించేసి, రాత్రిళ్లు కూర్చుని చదివా. చదివిందే మీకు చెబుతున్నా.

బుడగలో ఏముంది?

1776 నవంబరులో ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా అనే ఆయన మజోరె సరస్సు ఒడ్డున కర్రతో బురద కెలికి, పైకొచ్చిన బుడగల్ని సీసాలో పట్టాడు. నిప్పు చూపిస్తే మండింది. బ్యాటరీ కనిపెట్టిన వోల్టా ఈయనే. మనం కరెంటుకి 'వోల్టు' అనే కొలత వాడేది కూడా ఆయన పేరుమీదే. ఆయన పట్టిన ఆ గ్యాసే మీథేన్. మన గోబర్ గ్యాస్ ప్లాంటులో మండేదీ అదే.

చెరువులో ఆకులు, నాచు, చచ్చిన పురుగులు అడుగుకి చేరి కుళ్లుతాయి. కుళ్లేటప్పుడు అక్కడున్న కొద్దిపాటి ఆక్సిజన్ అయిపోతుంది. ఆక్సిజన్ లేనిచోట మాత్రమే బతికే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. చివరి దశలో మీథేన్ తయారుచేసేవి అవే. వీటిని చాలామంది బ్యాక్టీరియా అనేస్తారు గానీ, ఇవి ఆర్కియా అనే వేరే వర్గం.

ఇక తినేవాళ్ల సంగతి. 1906లో నెదర్లాండ్స్‌కి చెందిన సోంగెన్ అనే శాస్త్రవేత్త, మీథేన్‌నే ఆహారంగా చేసుకుని బతికే బ్యాక్టీరియాని మొదటిసారి వేరుచేసి చూపించాడు. 1970లో విట్టెన్‌బరీ బృందం బురద, మట్టి, నీళ్లలోంచి ఇలాంటివి వందకు పైగా వేరుచేసింది. అంటే ఇవి అరుదైన జీవులేం కాదు. మీథేన్, ఆక్సిజన్ రెండూ కలిసే చోటల్లా ఉంటాయి. ఆ 'రెండూ కలిసే చోటు' అన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సియాటిల్ పక్కన ఒక సరస్సు

ఈ బ్యాక్టీరియాని బాగా లోతుగా చదివిన చోట్లలో ఒకటి అమెరికాలోని వాషింగ్టన్ సరస్సు. పడమటి ఒడ్డున సియాటిల్ నగరం, తూర్పు ఒడ్డున బెల్‌వ్యూ, కిర్క్‌లాండ్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో మన తెలుగువాళ్లు చాలామంది ఆ చుట్టుపక్కలే ఉంటున్నారు. మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా అక్కడుంటే, తేలే వంతెన మీద రోజూ కారులో దాటేది ఈ సరస్సునే. మంచుగడ్డలు దొలిచిన సరస్సు. సుమారు 35 కిలోమీటర్ల పొడవు, అత్యంత లోతైన చోట 65 మీటర్లు. అంత లోతు, దానికింద మెత్తటి బురద. స్తంభాలు వేయడం కష్టమనే అక్కడ తేలే వంతెనలు కట్టుకున్నారు.

ఈ సరస్సుకి ఒక పాత కథ ఉంది. 1940ల నుంచి చుట్టూ ఉన్న ఊళ్ల మురుగునీళ్లు, శుద్ధి చేశాకే అయినా, ఇందులోకి వదిలారు. శుద్ధిలో ఫాస్ఫరస్ పోలేదు. 1955లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఎడ్మండ్‌సన్ అనే జీవశాస్త్రవేత్త బృందం నీళ్లలో ఆసిలేటోరియా రుబెసెన్స్ అనే నాచు రకాన్ని గుర్తించింది. యూరప్‌లో కొన్ని సరస్సులు పాడైపోయే ముందు కనిపించినది అదే. ఆయన లెక్కలతో సహా జనానికి వివరించాడు. 1958లో జనం ఓటేసి ఒప్పుకున్నారు. 1963 నుంచి 1968 లోపు మురుగు మొత్తం సరస్సు నుంచి పక్కకి మళ్లించారు. 1964లో నీళ్లలో 76 సెంటీమీటర్ల లోతు దాకే కనిపించేది. తర్వాతి ఏళ్లలో కొన్ని మీటర్ల లోతు కనిపించేంత తేటపడింది.

మన చెరువుల్లోకి డీఏపీ కలిసిన పొలం నీళ్లు, ఊరి మురుగు పోతుంటే ఏమవుతుందో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. పైన నాచు పెరిగితే అది చచ్చి అడుక్కే పోతుంది. అడుగున కుళ్లే సరుకు పెరిగేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, మీథేన్ పెరుగుతుంది.

మిథైలోటెనెరా మొబిలిస్: పేరు పెద్దది, తిండి చిన్నది

ఆ సరస్సు అడుగు బురదలో ఆక్సిజన్ దిగేది కొన్ని మిల్లీమీటర్లే. చాలా సన్నటి పొరనుకోండి. కింద నుంచి మీథేన్ పైకి వస్తుంది, పై నుంచి ఆక్సిజన్ కిందికి దిగుతుంది. రెండూ కలిసేది ఆ సన్నటి పొరలోనే. మీథేన్ తినేవాళ్ల ఊరు అదే.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మేరీ లిడ్‌స్ట్రామ్, లుడ్మిలా చిస్టొసెర్డోవా, మరీనా కల్యుజ్నాయా వంటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఆ బురదమీదే పనిచేశారు. 2006లో వాళ్లు అందులోంచి ఒక కొత్త బ్యాక్టీరియాని వేరుచేసి పేరు పెట్టారు. మిథైలోటెనెరా మొబిలిస్. మొబిలిస్ అంటే కదిలేది అని.

దీని తిండి విచిత్రం. మనం పెట్టే బెల్లం, పిండి దీనికి అక్కర్లేదు. మిథైలమీన్ అనే చిన్న పదార్థం ఒక్కటి ఉంటే చాలు. కుళ్లే చేప వాసన ఉంటుంది చూడండి, ఆ కుటుంబానికి చెందినదే ఈ మిథైలమీన్. దాన్లోంచే కార్బన్, దాన్లోంచే శక్తి, దాన్లోంచే నత్రజని తీసుకుంటుంది. తర్వాత 2009లో అచ్చయిన పరిశోధనలో, నైట్రేట్ ఉన్నచోట మిథనాల్ కూడా వాడుకోగలదని తేలింది.

ఒక్కటి గమనించండి. ఇది మీథేన్ తినదు. తినే శక్తి దీనికి లేదు. మరి మీథేన్ కథలోకి ఇదెందుకొచ్చింది?

గుర్తు పెట్టిన దాణా

బురదలో వేల రకాల జీవులు కలిసి ఉంటాయి. ఎవరు ఏం తింటున్నారో తెలిసేదెలా? చాలావాటిని ల్యాబులో విడిగా పెంచడమే కుదరదు. దీనికి ఒక ఉపాయం ఉంది. మామూలు కార్బన్ కంటే కొంచెం బరువైన కార్బన్ ఉంటుంది, కార్బన్ 13 అంటారు. దానితో చేసిన మీథేన్‌ని బురదకి పెడతారు. తిన్నవాళ్ల డీఎన్ఏలో ఆ బరువు కార్బన్ చేరుతుంది. డీఎన్ఏ మొత్తం తీసి వేగంగా తిప్పే యంత్రంలో తిప్పితే బరువైనది కిందికి దిగుతుంది, తేలికది పైన ఉండిపోతుంది. కిందిది తీసి చదివితే తిన్నదెవరో దొరికిపోతారు. రంగు వేసిన దాణా మందకి పెట్టి, ఏ బర్రె మూతికి రంగు అంటిందో చూసినట్టు.

2008లో ఈ పద్ధతి వాడే వాషింగ్టన్ సరస్సు బురదకి మీథేన్, మిథనాల్, మిథైలమీన్ లాంటివి విడివిడిగా పెట్టి చూశారు. మిథైలమీన్ పెట్టిన బురదలోంచి మిథైలోటెనెరా జన్యుపటం దాదాపు మొత్తం దొరికింది. తర్వాత 2013లో అచ్చయిన పనిలో ఆశ్చర్యమైన సంగతి ఒకటి కనిపించింది. మీథేన్ ఒక్కటే పెట్టిన సీసాల్లో కూడా మీథేన్ తినే మిథైలోబాక్టర్ పక్కనే, మీథేన్ తినలేని మిథైలోటెనెరా కూడా పెరుగుతోంది. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ.

వండేదొకరు, పంక్తిలో కూర్చునేదింకొకరు

అసలు సంగతేంటంటే, మీథేన్ తినే బ్యాక్టీరియా దాన్ని ఒక్కసారిగా మింగేయదు. ముందు మీథేన్‌ని మిథనాల్ చేస్తుంది, తర్వాత ఫార్మాల్డిహైడ్, ఆపైన మిగతావి. మధ్యలో తయారైన మిథనాల్‌లో కొంత బయటికి వదులుతుంది. ఆ మిథనాల్ మిథైలోటెనెరాకి భోజనం.

2017లో ఇదే సరస్సునుంచి తీసిన రెండింటిని జతచేసి చూశారు. మీథేన్ తినే మిథైలోబాక్టర్ టండ్రిపలూడమ్ ఒకటి, మిథైలోటెనెరా ఇంకొకటి. టండ్రిపలూడమ్ అనే జాతిని మొదట గుర్తించింది ఆర్కిటిక్ ప్రాంతపు చిత్తడి నేలలో, పేరుకి అర్థం కూడా అదే. ఈ బ్యాక్టీరియాకి మిథనాల్‌ని అరిగించే ఎంజైములు రెండు రకాలున్నాయి. ఒకదానికి కాల్షియం కావాలి, రెండోదానికి లాంథనమ్ లాంటి అరుదైన లోహం కావాలి. పక్కన మిథైలోటెనెరా ఉన్నప్పుడు ఇది ఎంజైముల వాడకం మార్చుకుంది. దాంతో మిథనాల్ ఎక్కువగా బయటికొచ్చింది. పక్కవాడు ఉన్నాడని తెలిసి వండే తీరు మార్చుకున్నట్టు.

ఇది చదివినరోజు నాకు మా నాన్న ప్రశ్నకి సగం జవాబు దొరికింది. ఈ జీవులు ఒంటరిగా బతికేవి కావు. కింద నుంచి గ్యాస్ రావాలి, పై నుంచి గాలి అందాలి, పక్కన తోడుండాలి. వీటిలో ఒకదాన్ని తీసి సీసాలో పెట్టడమంటే వంట మనిషిని పొయ్యి లేకుండా, సరుకు లేకుండా, తినేవాళ్లు లేకుండా గదిలో పెట్టి తాళం వేయడమే.

అలాగని అసాధ్యం అని నేననను. మీథేన్ తినేవాటిలో కొన్ని రకాలు గట్టి పొర కట్టుకుని నిద్రావస్థలోకి పోగలవు. మన దేశంలోనే పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థలో మోనాలీ రహాల్కర్ బృందం మన వరి పొలాలనుంచి ఇలాంటి బ్యాక్టీరియాని వేరుచేసి పనిచేస్తోంది. వాటిలో కొత్తది ఒకటి దోసకాయ ఆకారంలో ఉందని మిథైలోకుకుమిస్ ఒరైజే అని పేరు పెట్టారు, ఒరైజా అంటే వరి. రేపు మంచి ఉత్పత్తి రావచ్చు. కానీ పరిశోధనలో ఉన్నది వేరు, షాపులో రైతు చేతికిచ్చి డబ్బు తీసుకునేది వేరు.

మిథైల్ తినేవన్నీ సీసాలో బతకవని కూడా కాదు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం బెట్ట తట్టుకోవడానికి పిచికారీ చేయమని చెప్పే పీపీఎఫ్ఎం మనలో చాలామందికి తెలుసు, గులాబీ రంగు బ్యాక్టీరియా. లేత ఆకులు పెరిగేటప్పుడు వదిలే మిథనాల్‌ని అది తింటుంది. తేడా ఏంటంటే, అది ఇదే కావాలని పట్టుబట్టదు. వేరే ఆహారం ఉన్నా బతుకుతుంది. అందుకే దాన్ని పెంచడం, నిలవచేయడం తేలిక.

మన వరి మడి కూడా ఒక చెరువు అడుగే

ఇప్పుడు మన పొలానికి వద్దాం. నీళ్లు నిలబెట్టిన వరి మడిలో జరిగేది అక్షరాలా ఇదే. పైన కొన్ని మిల్లీమీటర్ల పొరలో మాత్రమే గాలి, కింద గాలి లేని నల్లమట్టి. అందులో మీథేన్ తయారవుతుంది. మనుషుల పనులవల్ల గాల్లోకి చేరే మీథేన్‌లో సుమారు 8 నుంచి 10 శాతం వరి పొలాలదని లెక్క. వందేళ్ల లెక్కన చూస్తే మీథేన్ కిలోకి కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది.

కానీ వరికి చెరువుకి లేని సౌకర్యం ఒకటుంది. వరి కాడలో సన్నటి గాలి గొట్టాలుంటాయి. వాటిద్వారా ఆకుల్లోంచి వేరుకి ఆక్సిజన్ దిగుతుంది, కొంత వేరు చుట్టూ మట్టిలోకి కారుతుంది. అంటే ప్రతి వేరు చుట్టూ 'రెండూ కలిసే చోటు' ఒకటి ఏర్పడుతుంది. మీథేన్ తినేవి అక్కడే కాపురం ఉంటాయి. మరి అదే గొట్టం మీథేన్‌కి పొగగొట్టం లాగా కూడా పనిచేస్తుంది. పొలంలో తయారైన మీథేన్‌లో తినగా మిగిలినది ఎక్కువ భాగం మొక్కలోంచే బయటికి పోతుంది.

దీన్ని మీరు కళ్లతో చూడొచ్చు. వీడియో రెండో భాగంలో చూపించాను. ఒక దుబ్బు జాగ్రత్తగా పీకి వేర్లు కడగండి. వేర్లమీద ఇటుక రంగు, తుప్పు రంగు పూత ఉంటే వేరు చుట్టూ ఆక్సిజన్ అందుతున్నట్టే, మట్టిలోని ఇనుము తుప్పుపట్టి అంటుకుంది. వేర్లు నల్లగా ఉండి కుళ్లిన కోడిగుడ్డు వాసనొస్తే గాలి అందట్లేదు, ఆ మడి ఆరబెట్టాల్సిందే. ఏ ల్యాబూ అక్కర్లేని పరీక్ష ఇది.

అంటే మీథేన్ తినేవాళ్లు మన పొలంలో ఇప్పటికే ఉన్నారు. బయటినుంచి కొనితెచ్చే పని లేదు. వాళ్లకి గాలి అందేలా చేయడం, కింద గ్యాస్ తయారీ తగ్గించడం మన చేతిలో ఉన్న పని.

30 సెంటీమీటర్ల గొట్టం ముక్క

దీనికి ఇప్పటికే నిరూపితమైన దారి తడి–ఆరుతడి పద్ధతి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసినది. చేసే విధానం ఇది.

30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పున్న పీవీసీ గొట్టం ముక్క తీసుకోండి. కింది సగానికి చుట్టూ రంధ్రాలు పెట్టండి. రంధ్రాలున్న 15 సెంటీమీటర్లు మట్టిలోకి దిగేలా గట్టుకి దగ్గర్లో పాతి, గొట్టం లోపలి మట్టి తీసేయండి.

నాటిన ఒకటి రెండు వారాల తర్వాత మొదలుపెట్టొచ్చు. కలుపు ఎక్కువున్న పొలమైతే ఇంకో రెండు వారాలు ఆగండి. గొట్టంలో నీళ్లు నేలమట్టం నుంచి 15 సెంటీమీటర్ల లోతుకి దిగినప్పుడు మళ్లీ 5 సెంటీమీటర్లు నిలిచేలా తడి పెట్టండి. పూతకి వారం ముందునుంచి పూత తర్వాత వారం దాకా మాత్రం ఆరబెట్టొద్దు, 5 సెంటీమీటర్ల నీళ్లు ఉంచండి. ఇలా చేస్తే నీళ్లు 30 శాతం దాకా ఆదా అవుతాయి, మీథేన్ దాదాపు సగం తగ్గుతుంది. సీసా ప్రతినిధి చెప్పిన సగం ఇదే, గొట్టం ముక్కతో వస్తోంది.

రెండు జాగ్రత్తలు. సముద్రానికి దగ్గర్లో చౌడు, ఉప్పు దెబ్బ ఉన్న పొలాల్లో ఆరబెడితే ఉప్పు పైకి తేలుతుంది, అక్కడ ఇది చేయొద్దు. కాలవ చివరి భూములవాళ్లు నీటి వంతు ఎప్పుడొస్తుందో చూసుకుని చేయాలి, గొట్టం చెప్పినరోజు కాలవలో నీళ్లు లేకపోతే పైరు పోతుంది. ఇంకొక సంగతి, ఆరినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు కొంచెం పెరగొచ్చు, ముఖ్యంగా యూరియా దండిగా వేసిన చోట. మనం యూరియా వేయం కాబట్టి ఆ బాధ మనకి తక్కువ.

మనవాళ్లకీ ఒక మాట

ఇది రాస్తే కొంతమందికి కోపం రావచ్చు. ప్రకృతి సేద్యం చేస్తున్నాం కాబట్టి మన వరిలో మీథేన్ రాదని అనుకుంటున్నవాళ్లున్నారు. నేనూ అలాగే అనుకున్నా. అది నిజం కాదు. మీథేన్ చేసే ఆర్కియాకి యూరియానా జీవామృతమా అని తేడా తెలియదు. వాటికి కావాల్సింది గాలి లేకపోవడం, కుళ్లే పచ్చి సరుకు. నాటే ముందు పచ్చి గడ్డి, జీలుగ, జనుము దమ్ములో తొక్కించి వెంటనే నీళ్లు కట్టేస్తే మీథేన్ పెరుగుతుంది. ఇది చాలాచోట్ల కొలిచి చూసిన సంగతి.

అలాగని పచ్చిరొట్ట మానేయమని కాదు. నేల బాగుపడాలంటే అది కావాల్సిందే. దమ్ము చేశాక నీళ్లు ఎప్పుడూ నిలబెట్టే ఉంచకుండా మధ్యలో ఆరబెట్టండి. గడ్డిని అయితే నీళ్లలో పచ్చిగా కలిపేకంటే కోత తర్వాత పొడి నేలలోనే కలిపి కుళ్లనివ్వడమో, కంపోస్టు చేసి వేయడమో మేలు.

చెరువు మట్టి తోలుకోవచ్చా?

తప్పకుండా తోలుకోండి. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువుల్ని బాగుచేయాలని పెట్టుకున్నారు, పూడికమట్టి రైతులు పొలాలకి తోలుకున్నారు. మన తాతలు ఎడ్లబండ్లమీద చేసిన పనే అది. ఎర్ర చెలక, ఇసుక నేలలకి చెరువు మట్టి వరం. అయితే ఆ మేలు దేనివల్ల? అందులోని బంకమన్ను, ఒండ్రు, కుళ్లిన సేంద్రియ పదార్థంవల్ల. నేల నీళ్లు పట్టి ఉంచుకుంటుంది, పోషకాలు చేరతాయి. అడుగు బురదలో గాలి అంచున బతికే మిథైలోటెనెరా లాంటివి ఎండిన మెట్టలో పనిచేస్తాయని ఆశ పెట్టుకోవద్దు, వాటి ఊరు అది కాదు. చెరువు పక్కన ఫ్యాక్టరీ వ్యర్థాలు, మురుగు కలిసే చోటైతే మట్టి పరీక్ష చేయించకుండా తోలొద్దు.

ఇంకో హెచ్చరిక. వీడియో చూసి పిల్లలు బుడగల కోసం చెరువులోకి దిగొద్దు, పూడిక ఎంత లోతుందో పైకి తెలియదు. నేను గట్టుమీద నిలబడి పొడవు కర్రతో చేశాను. గ్యాస్‌కి నిప్పు పెట్టే ప్రయోగం ఇంటిదగ్గర చేయొద్దు.

సీసా తెచ్చినవాళ్లని అడగాల్సినవి

ఏ జీవ ఉత్పత్తి అయినా సరే, కొనేముందు ఈ ఐదూ అడగండి.

1. ఇందులో ఏ బ్యాక్టీరియా ఉంది? జాతి పేరు లేబుల్ మీద ఉందా? 'చెరువు బ్యాక్టీరియా' అన్నది పేరు కాదు.

2. మిల్లీలీటరుకి బతికున్నవి ఎన్ని? జీవన ఎరువుల నియంత్రణ ప్రమాణాల్లో ద్రవరూపంలో అమ్మే రైజోబియం, అజటోబాక్టర్ లాంటివాటికి కనీసం 10 కోట్లు ఉండాలి.

3. తయారీ తేదీ, గడువు తేదీ ఏంటి? ఎంత వేడిలో నిలవచేయాలి?

4. ఏ లైసెన్సు కింద అమ్ముతున్నారు? ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 కింద ఉందా? కాగితం చూపిస్తారా?

5. ఎక్కడ పరీక్షించారు? కుండీలోనా, పొలంలోనా? పోయని మడిని పక్కన పెట్టి కొలిచారా?

వారం తర్వాత ఆ ప్రతినిధి మళ్లీ వచ్చాడు. ఈ ప్రశ్నలే అడిగా. మొదటిదానికే రంగుల బ్రోచర్ తీసి మైక్రోస్కోప్ ఫొటో చూపించాడు. జాతి పేరు అందులో లేదు. ఐదోదానికి "మా దగ్గర రైతుల వీడియోలున్నాయి సార్" అన్నాడు. వీడియోలు నేనూ తీస్తాను కదా, వాటి బలమెంతో నాకు తెలుసు. వద్దని చెప్పి పంపించేశా. 80 వేలు పోయాయి. కానీ రేపు ఒక రైతు ఖాళీ సీసా తెచ్చి, "ఏం తమ్ముడూ, ఏమీ కనపడలేదే" అంటే నేనేం చెప్పాలి? అంతకుముందు ఒకసారి వేరే మందు విషయంలో ఆ మాట పడ్డాను. ఆ రైతు ఇప్పటికీ నా షాపు ముందునుంచే వెళ్తాడు, లోపలికి మాత్రం రాడు.

ఆ సీజన్‌లో షాపు వెనకాల పీవీసీ గొట్టాలు ముక్కలు కోసి, రంధ్రాలు పెట్టి ఖర్చుకి ఖర్చు ఇచ్చాం. మొదట మా సొంత పొలంలోనే పాతాం. మా నాన్నకి మొదట నమ్మకం లేదు, వరిలో నీళ్లు కనపడకపోతే ఆయనకి నిద్ర పట్టదు. రోజూ పొద్దున్నే వెళ్లి గొట్టంలోకి పుల్ల పెట్టి కొలిచేవాడు. పూతకి ముందు ఒకరోజు దుబ్బు పీక్కుని షాపుకే తెచ్చాడు. వేర్లు ఇటుక రంగులో ఉన్నాయి.

"నీ సీసాలోయి ఇక్కడే ఉన్నట్టున్నాయిరా" అన్నాడు.

గొట్టం పాతే విధానం, పుల్లతో కొలవడం వచ్చే వీడియోలో పూర్తిగా చూపిస్తాను. ఈలోపు మీ మడిలో ఒక దుబ్బు పీకి వేర్లు ఏ రంగులో ఉన్నాయో, ఎన్ని రోజులుగా నీళ్లు నిలబెట్టారో వీడియో కింద రాయండి. నల్ల వేర్లు వచ్చినవాళ్లు ఫొటో కూడా పెట్టండి, కలిసి చూద్దాం. ఉంటాను మరి.